హాప్ ఇస్లిప్: యాసను చూసి నవ్వే నవ్వు గురించి

2009లో నేను దుబాయిలోని దేరా ప్రాంతంలో ఒక సరుకు రవాణా సంస్థలో లెక్కలు చూసేవాణ్ణి. నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఫిలిప్పీన్స్ ఆవిడ మధ్యాహ్న భోజన విరామంలో అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకొని, కంప్యూటరులో ఏదో చూస్తూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని భుజాలు కదిలేలా నవ్వుకుంటూ ఉండేది. ఆవిడను మేమందరం ‘ఆతె’ అనేవాళ్ళం. తగలోగ్ భాషలో ఆ మాటకు అక్క అని అర్థం. వయసులో పెద్దవాళ్ళను వట్టి పేరు పెట్టి పిలవడానికి మనకు నోరాడనట్టే వాళ్ళకూ ఆడదు. ఒకరోజు నన్నూ వచ్చి చూడమంది. నోటితో చెప్పలేదు, చేత్తో పిలవలేదు. పెదవులు రెండూ ముందుకు చాచి తెర వైపు చూపించింది. పెదవులతో దిక్కు చూపించడం ఆ దేశస్థులకు పుట్టుకతో వచ్చే అలవాటని, ఆ అలవాటు మీద వాళ్ళు తమలో తాము లెక్కలేనన్ని వీడియోలు చేసుకున్నారని నాకు తరువాత తెలిసింది.

తెర మీద ఒక అమ్మాయి తల్లి వేషం వేసి కూతుర్ని తిడుతోంది. తిట్లు తింటున్న కూతురూ ఆ అమ్మాయే, మధ్యలో దూరి సర్దిచెబుతున్నట్టే చెబుతూ నిప్పు రాజేస్తున్న పిన్నీ ఆ అమ్మాయే. పేరు క్రిస్టీన్ గంబీటో, అమెరికాలో పెరిగిన ఫిలిప్పీన్స్ సంతతి మనిషి. 2006లో, అంటే యూట్యూబ్ పుట్టిన మరుసటి ఏడాదే, ఇంట్లో కెమెరా పెట్టుకొని, ఇంటిల్లిపాది పాత్రలూ తానొక్కతే వేసి, తానే కూర్చి వీడియోలు పెట్టడం మొదలుపెట్టి, ఆ తొలి రోజుల యూట్యూబ్‌లో బాగా పేరుపడ్డ వాళ్ళలో ఒకరైంది. 2008లో ఫిలిప్పీన్స్ పర్యాటక శాఖ ఆమెను ప్రచార రాయబారిగా కూడా నియమించింది. ఆమె ఛానెల్ పేరు ‘హ్యాపీస్లిప్’. ఆ పేరుకు అర్థం ఏమిటని నేను అడిగితే ఆతె మళ్ళీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గౌను కింద తొడుక్కునే లోపావడాను ఇంగ్లీషులో ‘హాఫ్ స్లిప్’ అంటారు. క్రిస్టీన్ తల్లి ఆ మాటను తన యాసలో పలికితే కూతురి చెవికి ‘హ్యాపీ స్లిప్’ అని వినిపించేదట. వినడానికి చిన్న చమత్కారమే గాని, విప్పి చూస్తే ఇందులో ఒక భాష ధ్వనుల లెక్క అంతా ఉంది. తగలోగ్‌కు సొంతంగా ‘ఫ’ ధ్వని లేదు కాబట్టి ‘హాఫ్’ కాస్తా ‘హాప్’ అవుతుంది. మాట మొదట్లో సకారంతో జంట హల్లు వస్తే నాలుకకు ఇబ్బంది కాబట్టి దాని ముందు ఒక ఇకారం వచ్చి కూర్చుంటుంది, ‘స్లిప్’ కాస్తా ‘ఇస్లిప్’ అవుతుంది. ఆతె ఈ సంగతి బొమ్మ గీసి మరీ చెబుతుంటే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ జీవితమంతా మమ్మల్ని ‘ఇస్కూలు’కే పంపింది, తాతను ‘ఆపీసు’కే పంపింది, పొద్దున్నే ‘కాపీ’యే తాగింది. ఫిలిప్పీన్స్‌లోనూ బడిని ‘ఇస్కూల్’ అనే అంటారు. సముద్రాలకు అవతలి ఒక తల్లీ, టెక్కలి దగ్గరి ఒక నాయనమ్మా ఒకే మాటను ఒకే చోట ఒకే తీరున వంచారన్న సంగతి ఆ మధ్యాహ్నం నాకు ఇచ్చిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఈ హాస్యాన్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఉన్నారు. కన్నతల్లి ఉచ్చారణను నలుగురి ముందు పెట్టి నవ్వించడం ఆత్మన్యూనత అనీ, వలస పాలన వేసిన వాత ఇంకా మానలేదనడానికి అదే సాక్ష్యమనీ వాళ్ళ వాదన. ఆ వాదనను నేను కొట్టిపారెయ్యను, కానీ అది చాలదంటాను. యాస మీద వేసిన జోకు మంచిదో చెడ్డదో ఆ జోకులోని మాటలను బట్టి తేలదు. ఆ యాస ఎవరిదో ఆ మనిషి ఆ గదిలో ఎక్కడ ఉందో చూడాలి: భోజనాల బల్ల దగ్గర పెద్దరికంతో కూర్చుని ఉందా, వంటింట్లో అంట్లు తోముతూ ఉందా అన్నది అసలు ప్రశ్న. హ్యాపీస్లిప్ వీడియోల్లో తల్లి నోట ‘ఫ’ పలకకపోవచ్చు గాని ఆ ఇంట్లో చివరి మాట ఆమెదే. కూతురి ఇంగ్లీషు ఎంత చక్కగా ఉన్నా వాదనలో ఓడేది కూతురే. ఆ నవ్వు తల్లిని చిన్నది చెయ్యదు, అంతకంతకూ పెద్దది చేస్తుంది.

ఫిలిప్పీన్స్‌లో ఇంగ్లీషు యాస ఇంత నవ్వుకు ఎందుకు ఇరుసైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మూడు వందల ఏళ్ళకు పైగా పాలించిన స్పెయిన్ అక్కడి సామాన్యులకు తన భాషను పెద్దగా నేర్పలేదు. 1898లో స్పెయిన్ నుంచి ఆ ద్వీపాలను చేజిక్కించుకున్న అమెరికా మాత్రం తొలినాళ్ళ నుంచే బడులు తెరిచింది. 1901 ఆగస్టులో ‘థామస్’ అనే ఓడలో సుమారు 500 మంది అమెరికన్ ఉపాధ్యాయులు మనీలాలో దిగారు. అప్పటి నుంచి ఇంగ్లీషు అక్కడ చదువుకు గుర్తు, ఉద్యోగానికి మెట్టు, మర్యాదకు కొలత. కొలత ఉన్నచోట తక్కువ పడ్డవాళ్ళు ఉంటారు, వాళ్ళకు పేర్లూ ఉంటాయి. తప్పుల ఇంగ్లీషును అక్కడ ‘కారబావ్ ఇంగ్లీషు’ అంటారు. కారబావ్ అంటే పొలం దున్నే గేదె. మనం బట్లరు ఇంగ్లీషు అని వంటవాడి మీదికి నెట్టినదాన్ని వాళ్ళు పశువు మీదికి నెట్టారు.

అయితే ఈ కొలతను తిరగేసి నవ్వడం కూడా వాళ్ళకు అంతే బాగా తెలుసు. ఎదుటివాడు గడగడా ఇంగ్లీషు మాట్లాడుతుంటే పక్కవాడు ముక్కు పట్టుకొని ‘నోస్‌బ్లీడ్’ అంటాడు, అంటే ఆ ఇంగ్లీషు ధాటికి తన ముక్కు వెంట రక్తం కారుతోందని అర్థం. తన అజ్ఞానాన్ని ఒప్పుకుంటున్నట్టే ఉండి ఎదుటివాడి డాబును గుచ్చే ఈ మాట నాకు చాలా ఇష్టం. సినీనటుడిగా ఉండి రాజకీయాల్లోకి వచ్చిన జోసెఫ్ ఎస్ట్రాడా సంగతీ ఇంతే. ఆయనకు ‘ఎరాప్’ అని ముద్దుపేరు. ‘పారె’, అంటే ‘ఒరేయ్ మిత్రమా’ అనే మాటను వెనకనుంచి చదివితే వచ్చేది అది. ఆయన ఇంగ్లీషు మీద జోకులు ఊరంతా తిరిగేవి, పుస్తకంగానూ వచ్చాయి. ఆయన కోప్పడలేదు, పైగా వాటినే తన ప్రచారంగా మలచుకున్నాడు. 1998లో అధ్యక్షుడయ్యాడు. 2001 జనవరిలో అవినీతి ఆరోపణల మధ్య జనం వీధుల్లోకి వచ్చి ఆయనను దించేశారన్నది వేరే కథ. కానీ ఇంగ్లీషు ధారాళంగా రానివాళ్ళు ఎందరో ఉన్న దేశంలో, ఇంగ్లీషు రాదని జనం తనను వెక్కిరించినంత మాత్రాన ఓట్లు పోవని ఆయన ముందే గ్రహించాడు.

ఇక్కడ ఒక పక్క మాట. మా ఆఫీసులో మేనేజరు అరబ్బు. అరబీలో ‘ప’ ధ్వని లేదు కాబట్టి ఆయనకు ప్రింటరు ‘బ్రింటర్’, పార్కింగు ‘బార్కింగ్’. ఆతెకు ఫైలు ‘పైల్’. నాకు రెండూ పలకడం వచ్చుననే ధీమా ఉండేది గాని, తొందరలో నేను ఫోనును ‘పోను’ అంటానని ఆతె ఒక కాగితం మీద గీతలు పెట్టి లెక్కవేసి చూపించింది. ఆ గదిలో ఎవరి ఇంగ్లీషును చూసి ఎవరు నవ్వినా ఎవరికీ చురుక్కుమనలేదు, ఎందుకంటే అది మా ఎవరి సొంత సొమ్మూ కాదు.

మనీలాలో పరిస్థితి అలా లేదు. అక్కడ యాసకు జీతం ఉంది. కాల్ సెంటర్లు, వాటి అనుబంధ వ్యాపారాలు ఆ దేశంలో పది లక్షల మందికి పైగా ఉద్యోగాలిచ్చాయి, ఆ ఉద్యోగాల్లో ఫోను పట్టుకునేవాళ్ళలో చాలామందికి మొదటి శిక్షణ తమ యాసను ఎలా అణచుకోవాలన్నదే. రాత్రంతా అమెరికా గొంతుతో మాట్లాడి పొద్దున ఇంటికి చేరే మనిషికి, తన అమ్మ గొంతుతో ఎవరైనా బాహాటంగా మాట్లాడి నవ్విస్తే అది ఎలాంటి ఊరటో నేను ఊహించుకోగలను. 2011లో మైకీ బుస్తోస్ వీడియోలు అంత వేగంగా పాకడానికి ఇదొక కారణమని నా అనుమానం. కెనడాలో పుట్టి పెరిగిన బుస్తోస్ 2003లో అక్కడి ‘కెనడియన్ ఐడల్’ పాటల పోటీలో చివరి దశ దాకా వెళ్ళిన గాయకుడు. కొన్నేళ్ళ తరువాత పంతులు వేషంలో కూర్చుని, ఫిలిప్పీన్స్ యాసను విదేశీయులకు పాఠంలా నేర్పే వీడియోలు చేశాడు. ‘ఫ’ను ‘ప’గా ఎలా మార్చాలో, ‘వ’ను ‘బ’గా ఎలా దించాలో మహా గంభీరంగా చెబుతాడు. తప్పును వ్యాకరణ సూత్రంగా బోధించడంలోనే హాస్యం ఉంది: ఇంతకాలం దిద్దించుకున్నవాడు హఠాత్తుగా బెత్తం పట్టుకున్నట్టు ఉంటుంది.

బుస్తోస్ విషయంలో నాకు ఒక తకరారు కూడా ఉంది. ఆయనే చీమల పెంపకం గురించి ‘యాంట్స్‌కెనడా’ అనే ఛానెల్ నడుపుతాడు. చీమల గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు చక్కటి ఉత్తర అమెరికా గొంతు. అంటే ఆ యాస ఆయనకు తగిలించుకోగల, విప్పి పెట్టగల చొక్కా. ఆతెకు అది చర్మం. ఈ తేడాను మరిచిపోయి ఇద్దరి నవ్వూ ఒకటేననడం తేలికే గాని న్యాయం కాదు. అయినా నేను ఆయన వైపే కొంత మొగ్గుతాను, ఎందుకంటే ఆయన వీడియోల్లో ఆ యాస మాట్లాడే పాత్ర ఎప్పుడూ పంతులే తప్ప బంట్రోతు కాదు.

బంట్రోతు అనగానే అసలు విషయానికి రావాలి.

ఆతె సొంతూరి పేరు ‘ఇలోయ్‌లో’. మనీలాకు దక్షిణాన ఉండే విసాయా ద్వీపాల్లో పనాయ్ అనే దీవి మీద ఉంది ఆ నగరం. అక్కడి భాష హిలిగాయ్‌నోన్. సాగదీసి లాలించినట్టు ఉండే పలుకుబడికి అది ప్రసిద్ధి, వాళ్ళు కోప్పడినా జోల పాడినట్టే ఉంటుందని మిగతా ఫిలిప్పీన్స్ వాళ్ళే సరదాగా అంటారు. విసాయా నాలుకకు ఎకారం ఇకారంలోకీ, ఒకారం ఉకారంలోకీ జారిపోవడం మామూలు. మనీలా టీవీ హాస్యంలో ఈ జారుడుకు దశాబ్దాలుగా ఒకటే వేషం: పనిమనిషి వేషం. ఆ పనిమనిషికి ఒకటే పేరు: ‘ఇందై’. ఇలోయ్‌లోలో ఇందై అంటే అమ్మాయిని ప్రేమగా, గౌరవంగా పిలిచే పిలుపు, మన ‘అమ్మడూ’ లాంటిది. మనీలాలో అది వంటింటి మనిషికి మారుపేరు. ఆతె తల్లి ఫోను చేసినప్పుడల్లా మొదటి మాట ‘ఇందై’ అనే వినిపించేది.

ఒక సాయంత్రం ఎవరో తోటి ఉద్యోగి మనీలా హాస్య కార్యక్రమం ముక్క ఒకటి పెట్టాడు. ఇందై వచ్చింది, ఎకారాలన్నీ ఇకారాలు చేసింది, యజమానురాలు తల పట్టుకుంది, వెనక నుంచి డబ్బా నవ్వులు వినిపించాయి. హ్యాపీస్లిప్‌కు భుజాలు ఎగరేసి నవ్విన ఆతె ఆ ముక్కకు నవ్వలేదు. కోప్పడనూ లేదు, బల్ల మీద రసీదులన్నీ తీసి, తేదీల వరసలో పెట్టి, క్లిప్పు పెట్టి, మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది.

ఆ మౌనం నాకు అర్థం కావడానికి వివరణ అక్కర్లేకపోయింది. నాది శ్రీకాకుళం జిల్లా. తెలుగు సినిమాల్లో మా యాసకు కూడా చాలాకాలం ఒకటే గుడ్డ కట్టబెట్టారు: చీపురు పట్టుకున్న అప్పలమ్మో, బస్తా మోసే అప్పన్నో. తెలంగాణ యాసను రౌడీకీ, తాగుబోతుకీ ఇచ్చినట్టే మాకు పాచిపని ఇచ్చారు. హైదరాబాదులో కాలేజీలో చేరిన మొదటి వారం నా నోట ‘ఏటి’ అన్న మాట రాగానే వెనక బెంచీలు గొల్లుమన్నాయి. ఆ తరువాత నెలల తరబడి ‘ఏదీ, ఒకసారి మాట్లాడవా’ అని అడిగి మరీ మాట్లాడించుకున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అందులో ఇద్దరు నాకు ఇప్పటికీ స్నేహితులు. అయినా మూడేళ్ళు గడిచేసరికి నేను ఇంటికి ఫోను చేసినప్పుడు తప్ప నా భాషలో మాట్లాడటం మానేశాను. మా ఇంట్లో మా చిన్నాన్న మా అమ్మను అనుకరిస్తే అమ్మతో సహా అందరం నవ్వేవాళ్ళం. అదే అనుకరణ, అవే మాటలు. ఇల్లు మారింది, అంతే.

అందుకే 2007 ప్రాంతాల్లో ఫిలిప్పీన్స్‌లో సెల్‌ఫోను సందేశాల్లో వ్యాపించిన ఇందై జోకుల గురించి ఆతె చెప్పినప్పుడు నేను కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాను. వాటిలో యజమానురాలు ఏదో చిన్న మాట అడుగుతుంది, బిడ్డ ఎందుకు ఏడుస్తున్నాడనో, కూర ఎందుకు మాడిందనో. ఇందై న్యాయశాస్త్ర గ్రంథం లాంటి ఇంగ్లీషులో, ఆపకుండా, సమాసాల మీద సమాసాలు వేసి బదులిస్తుంది. యజమానురాలికి ముక్కు నుంచి రక్తం కారుతుంది. అవి యూట్యూబ్ వ్లాగులు కావు, కెమెరా లేకుండా, బొటనవేళ్ళతో రాసుకున్న హాస్యం. కానీ తరువాతి వీడియోల హాస్యంలో నాకు నచ్చే గుణమంతా వాటిలోనే మొలకెత్తింది: కొలబద్ద పట్టుకున్నవాడి చేతిలోనే దాన్ని విరగ్గొట్టడం. డబ్బున్న ఇళ్ళ పిల్లలు ఇంగ్లీషులో తగలోగ్ ముక్కలు కలిపి మాట్లాడే ‘కోన్యో’ భాషను ఆటపట్టించే వీడియోలు కూడా ఈ కోవలోవే. రోడ్డు పక్క బండి దగ్గర చేప ఉండలను పుల్లకు గుచ్చుకు తినడాన్ని ‘లెట్స్ మేక్ తుసోక్ తుసోక్ ద ఫిష్‌బాల్స్’ అనడం ఆ భాషకు పాతబడిపోయిన నమూనా. ‘తుసోక్’ అంటే గుచ్చడం. ఈసారి నవ్వు కింది నుంచి పైకి పోతుంది.

ఆ తరువాతి దశాబ్దంలో ఈ హాస్యం చెయ్యి మారింది. 2013లో అక్కడి ఒక పెద్ద టెలికాం సంస్థ ఫేస్‌బుక్‌ను డేటా ఖర్చు లేకుండా ఇవ్వడంతో విదేశాల్లోని సంతానం చేసే వీడియోల స్థానంలో స్వదేశపు బస్తీల పిల్లలు చేసే వీడియోలు వచ్చాయి. అందులో నాకు బాగా గుర్తున్నవాడు లాయిడ్ కఫే కడేనా. కవీతే ప్రాంతపు కుర్రాడు, స్వలింగ ప్రియుణ్ణని దాచుకోకుండా, ఆ సముదాయపు ‘బెకీ’ భాషలో గలగలా మాట్లాడేవాడు. బెకీ భాషలో ఆకలి వేస్తే ‘టామ్ జోన్స్’ అంటారు: ఆకలికి తగలోగ్ మాట ‘గుతోమ్’, దాని చివరి ముక్క ‘తోమ్’ వింటే పాశ్చాత్య గాయకుడి పేరు గుర్తొచ్చింది, అంతే. వాన, ‘ఉలాన్’, పడితే ‘జులానిస్ మొరిసెట్’, గాయని అలానిస్ మొరిసెట్ పేరు మీద. ఓడిపోతే ‘లూజ్ వాల్దెజ్’, ఒక ఫిలిప్పీన్స్ నటి పేరు మీద. పరాయి భాషను తప్పుగా పలికి నవ్వడం నుంచి, సొంత భాషను కావాలని వంకరగా పలికి పక్కవాళ్ళకు అర్థం కాకుండా చేసుకొని నవ్వడం దాకా వచ్చిన ప్రయాణం ఇది. ఇందులో ఎవరి మెప్పూ అక్కర్లేదు. కడేనా తన తల్లిని కూడా వీడియోల్లోకి లాక్కొచ్చేవాడు. ఆమె యాసను అనుకరించలేదు, ఆమెనే కెమెరా ముందు కూర్చోబెట్టాడు. 2020 సెప్టెంబరు 4న, 26 ఏళ్ళ వయసులో, నిద్రలోనే గుండెపోటుతో పోయాడు; కోవిడ్ కూడా ఉన్నట్టు తేలింది.

మెప్పు అనే మాట వచ్చింది కాబట్టి, నాకు అసలు గిట్టనిది కూడా చెప్పాలి. విదేశీయుడు ఒకడు కెమెరా ముందు కూర్చుని, ఫిలిప్పీన్స్ పాటో వంటకమో చూసి కళ్ళు పెద్దవి చేసి ఆహా ఓహో అంటే లక్షల మంది చూస్తారు. ఈ ఎరకు అక్కడి వాళ్ళే ‘పినోయ్ బైటింగ్’ అని పేరు పెట్టారు, పినోయ్ అంటే ఫిలిప్పీన్స్ మనిషి. స్నానాల గదిలో వాడే మగ్గును, వాళ్ళ మాటలో ‘తాబో’ను, ఫిలిప్పీన్స్ పిల్ల చూపిస్తే అది ఇంటి హాస్యం, తెల్లవాడు చేత్తో ఎత్తి పట్టుకొని ఆశ్చర్యపోతే అది సంత. (మగ్గు చూసి ఆశ్చర్యపోయే మనిషిని చూసి ఆశ్చర్యపోవడం మన తెలుగువాళ్ళ వంతు.) ఇంకో మెట్టు దిగితే 2025 ఏప్రిల్‌లో మనీలా శివారు తగీగ్‌లో అరెస్టయిన రష్యా మూలాల ప్రాంక్ వ్లాగరు వితాలీ జ్దొరొవెత్‌స్కీ ఉన్నాడు, డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ గార్డులను, దారినపోయేవాళ్ళను వేధిస్తూ దాన్ని ప్రత్యక్ష ప్రసారం చేశాడు. గార్డు ఎదురు మాట్లాడితే ఉద్యోగం పోతుందన్న భయమే అక్కడ జోకుకు పెట్టుబడి. మనీలా టీవీలో ఇందై వేషానికి పెట్టుబడి కూడా అదే.

2013లో ఆతె ఉద్యోగం మాని తన ఇలోయ్‌లో నగరానికి వెళ్ళిపోయింది. చివరి రోజు ఆఫీసులోనే ఒక పెద్ద అట్టపెట్టె సర్దింది. పరదేశాల నుంచి ఇంటికి పంపే ఆ పెట్టెను వాళ్ళు ‘బాలిక్‌బాయన్’ పెట్టె అంటారు. అందులో సబ్బులు, డబ్బా మాంసం, చాక్లెట్లు, తువ్వాళ్ళు, ఖాళీ లేకుండా మూలమూలకూ కుక్కిన సాక్సులు. మేమంతా చుట్టూ నిలబడి ఉండగా, టేపు అంటిస్తున్నదల్లా ఆగి, సెల్‌ఫోను చెవికి పెట్టుకున్నట్టు చెయ్యి పెట్టుకొని, నాలాగా కాస్త వంగి, గొంతు తగ్గించి, ‘ఏటమ్మా, ఏటి సేత్తన్నావు?’ అంది. నాలుగేళ్ళు రోజూ సాయంత్రం ఆరింటికి నేను మా అమ్మకు చేసిన ఫోను అది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. రాగం మాత్రం హిలిగాయ్‌నోన్‌ది. నాకు నవ్వాగలేదు. పక్కనున్న మలయాళీ కేషియరు అది ఏ భాష, దానికి అర్థం ఏమిటని ఆవిడనే అడిగాడు. ఆతె మళ్ళీ టేపు చుడుతూ, తల ఎత్తకుండా, పెదవులు చాచి నా వైపు చూపించింది.